దొంగ సాక్ష్యము పలికెడు ఆటలు

ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగమున రెన్-లె-షాతో అను చిన్న గ్రామము కలదు. 1999వ సంవత్సరమున విడుదలైన 'గేబ్రియల్ నైట్' మూడవ భాగమను వీడియో ఆటలో కథానాయకుడు ఒక శిశువు అపహరణ రహస్యమును ఛేదించుటకై అచ్చటికి వచ్చును. ఊరూర తిరుగుటకు అతనికి అద్దె మోటారు సైకిలు కావలెను. మోస్లీ అను మిత్రుని వేషము ధరించి దానిని సంపాదింపవలెను. ఇంతవరకు బాగుగనే ఉన్నది. వేషమునకు మీసము కావలెనట. అది ఎట్లు లభించును? ఒక కొట్టు తలుపునకు గల రంధ్రముపై జిగురు పట్టీ అంటింపవలెను. ఆ చుట్టుపట్ల తిరుగు పిల్లిపై నీళ్ళు చిమ్మవలెను. బెదరిన పిల్లి ఆ రంధ్రమున దూరి పారిపోవును; దాని వెంట్రుకలు కొన్ని పట్టీకి అంటుకొనును. వానిని ఫలాహారపు బల్లమీద దొరకిన తీపి పాకముతో మూతికి అతికించుకొనవలెను. అటుపిమ్మట మోస్లీ పాసుపోర్టును అపహరించి, అందలి ఛాయాచిత్రమునకు కలముతో మీసము దిద్దవలెను. ఏలనన, మోస్లీకి మీసమే లేదు!

ఈ ప్రహసనమును 2000వ సంవత్సరమున ఎరిక్ వోల్పా అను విమర్శకుడు 'ఓల్డ్ మ్యాన్ మరే' అను ఇంటర్నెట్ పత్రికలో మెట్టుమెట్టుగా వర్ణించి అపహసించెను. (ఈయనయే తరువాత 2007లో పేరుగాంచిన 'పోర్టల్' ఆటకు రచయితలలో ఒకడైనాడు.) నాటినుండి పరిశోధక క్రీడల లోపములు ప్రస్తావనకు వచ్చినప్పుడెల్ల పిల్లి మీసము తలపునకు రాక మానదు. దూరమునుండి చూచువారికి ఇది నవ్వులాటయే. కాని కంప్యూటరు ముందు కూర్చుండి, పిల్లికిని మోటారు సైకిలునకును గల చుట్టరికము తోచక, గంటల తరబడి ఊరంతయు గాలించిన ఆటగానికి నవ్వు రాలేదు. అతనికి తన బుద్ధిమీదనే అనుమానము కలిగినది.

తక్కిన ఆటల లోపమునకును ఈ ఆటల లోపమునకును గల భేదమంతయు ఇచ్చటనే ఉన్నది. పందెపు ఆటలో కారు పోయి గోడలో ఇరుక్కొన్నచో అది ప్రోగ్రాము దోషమని పసివాడును గ్రహించును. విసుగుకొని మరల మొదలుపెట్టును. డిటెక్టివు ఆటలో అట్లు కాదు. తెరమీద కనబడు ప్రతి వస్తువును ఆధారము కావచ్చును. తెరచుకొనని తలుపు, బదులు పలుకని సాక్షి, నిన్న బల్లమీద ఉండి నేడు మాయమైన చేతిరుమాలు: ఇవి హంతకుని పన్నాగములా, ఆట తయారుచేసినవారి పొరపాట్లా? ఆటగానికి తెలియు మార్గము లేదు. అనుమానించుటయే అతడు చేపట్టిన వృత్తి. కావున ఇచ్చట లోపము ఊరక లోపముగా నిలువదు. సాక్షుల బోనులో నిలిచి ప్రమాణము చేసి మరీ అబద్ధమాడును.

డిటెక్టివు నవలకు ఈ చిక్కు లేదు. ఇంగ్లండున రోనాల్డ్ నాక్స్ అను మతగురువు, తానును అట్టి కథలు వ్రాసినవాడే, 1929లో ఈ రచనలకు పది నియమములు విధించెను. పరిశోధకునికి దొరకిన ఆధారమును పాఠకునికి దాచక చూపవలెననునది వానిలో నొకటి. నియమము తప్పిన రచయితను పాఠకుడు తిట్టుకొనవచ్చును గాని, పుస్తకము మధ్యలో ఆగిపోదు. కొమ్మూరి సాంబశివరావు నవలలో యుగంధర్ లాగిన తీగ ఏదో పాఠకునికి ముందుగా తోచకపోయినను, పుటలు త్రిప్పిన కొలది డొంక కదలక తప్పదు. ఆటలో పుట తనంత తాను తిరుగదు. ఆటగాడు సరియైన పని చేసినగాని కథ అంగుళమైనను జరుగదు. రచయిత తర్కము వక్రమైనచో నవలలో ఒక అధ్యాయము చెడును. ఆటలో త్రోవయే మూసికొనిపోవును.

ఈ ఇబ్బంది ఆటలతోపాటే పుట్టినది. 1980లో కెన్, రొబెర్టా విలియమ్స్ దంపతులు ఆపిల్ కంప్యూటరు కొరకు వెలువరించిన 'మిస్టరీ హౌస్'లో ఆటగాడు రెండేసి మాటలు టైపు చేయవలెను. ఏ మాట యంత్రమునకు తెలియునో, ఏది తెలియదో ఊహించుటయే సగము శ్రమ. రెండేండ్లకు ఇన్‌ఫోకామ్ సంస్థకు చెందిన మార్క్ బ్లాంక్ 'డెడ్‌లైన్' అను ఆటను వ్రాసెను. అది నిజముగా పెద్ద అడుగు. లోపల గడియ పెట్టియున్న గ్రంథాలయ గదిలో రాబ్నర్ అను ధనికుడు మరణించియుండును. పరిశోధకునికి గల వ్యవధి పండ్రెండు గంటలు. ఆనాటి డిస్కులో చోటు చాలక, పోలీసు విచారణ పత్రములు, శవపరీక్ష నివేదిక, చివరకు మాత్రల పొట్లము కూడ పెట్టెలో వేరుగా వేసి అమ్మినారు. కొరత అలంకారమైనది.

'డెడ్‌లైన్'లో ఇంటివారందరు తమతమ వేళలకు తమ పనులు తాము చేసికొనుచుందురు. ఫోను మ్రోగినప్పుడు మరియొక గదిలోని ఫోను ఎత్తి వినినవానికి ఒక సంగతి తెలియును. ఆ వేళకు తోటలో ఉన్నవానికి తెలియదు. తెలియలేదన్న సంగతియు తెలియదు! గులాబీ మొక్కల నడుమ ఎవరో గోతులు చేసినారని తోటమాలి సణుగుచుండును. ఆ సణుగుడు పట్టించుకొని, వానివెంట పోయి, నేల వెదకినవానికి ముఖ్యమైన ముక్క యొకటి చిక్కును. దీనిని లోపమనవలెనా? కొందరన్నారు. కాని ఇందు న్యాయము కలదు: తోటమాలి సణుగుట నిజము, గోతులు నిజము, రెంటికిని సంబంధము నిజము. ఓడినవాడు ఆ దినమును మరల ఉదయమునుండి ఆడి, ఈసారి చెవి యొగ్గి వినవచ్చును. పిల్లికిని తోటమాలికిని గల తారతమ్యమును గుర్తింపని తయారీదారులు తరువాత ఎందరో వచ్చినారు.

1992లో వెలువడిన 'డాగర్ ఆఫ్ అమోన్ రా'ను చూడుడు. 1926 నాటి న్యూయార్కు, ఒక వస్తుప్రదర్శనశాల, అందు వరుస హత్యలు, పరిశోధించునది లారా బో అను పత్రికా విలేఖరి. వాతావరణము మనోహరము. కాని చివర మరణ విచారణాధికారి ప్రశ్నలు వేయును. ఆరంభపు అంకములలో ఒక ఆధారమును తీసికొనుట మరచినవానికి సమాధానము చెప్పు వీలుండదు. వెనుకకు పోవుటకు దారియు ఉండదు. తాను ఎప్పుడో ఓడిపోయినాడని ఆట అతనికి అంతవరకు చెప్పలేదు. ఎన్ని రాత్రులు వ్యర్థమైనవో ఎవరు లెక్కింతురు?

మాటల చిక్కునకు జపానున ఒక పరిష్కారము దొరకినది. యూజీ హోరీ 1983లో వెలువరించిన 'పోర్టోపియా హత్యల కేసు' మొదట టైపు చేయవలసిన ఆటయే. కోబే నగరమున ఒక వడ్డీ వ్యాపార సంస్థ అధిపతి మూసిన గదిలో మరణించును. ఆటగాని ఆజ్ఞలను యాసు అను సహాయకుడు నెరవేర్చును. 1985లో ఈ ఆట కీబోర్డు లేని ఫామికామ్ యంత్రమునకు వచ్చినప్పుడు, చేయదగిన పనులన్నియు తెరపై పట్టికగా చూపినారు. ఆటగాడు మాట కొరకు వెదకుట మాని హంతకుని కొరకు వెదకుట మొదలుపెట్టెను. దేశమంతట ఆ పద్ధతి వ్యాపించినది.

తమాషా ఏమనగా, 2023లో స్క్వేర్ ఎనిక్స్ సంస్థ ఇదే ఆటను కృత్రిమ మేధ ప్రదర్శన పేర మరల టైపు చేయు రూపమున ఉచితముగా విడుదల చేసెను. యంత్రము ఇప్పుడు మానవభాషను అర్థము చేసికొనునని చాటినారు. అనుచితమైన పలుకులు పలుకునేమోయను భయముతో, సమాధానములను స్వయముగా కల్పించు శక్తిని దానికి లేకుండ చేసినారు. ఫలితముగా, ఆటగాడు స్పష్టమైన ప్రశ్న వేసినను యాసు పదేపదే 'ఊఁ...' అని ఆలోచనలో పడిపోవును. స్టీమ్ అంగడిలో ఆటగాండ్ర అభిప్రాయము అత్యంత ప్రతికూలముగా నమోదైనది. నలువది యేండ్ల క్రిందట ఆటగాడు ఏ గోడకు తల కొట్టుకొనెనో, శ్రమపడి ఆ గోడనే మరల కట్టినారు. రెండు దినములు పది మంది కొత్తవారిని కూర్చుండబెట్టి ఆడించియున్నచో ఈ సంగతి బయటపడియుండెడిది కాదా?

ధనము కొరతయే లోపములకు మూలమనుకొనుటకు వీలు లేదు. సిడ్నీ నగరపు టీమ్ బాండీ సంస్థ యేండ్ల తరబడి శ్రమించి 2011లో పూర్తిచేసిన 'ఎల్. ఏ. న్వార్' అందుకు నిదర్శనము. కథ 1947 నాటి లాస్ ఏంజెలెస్‌లో జరుగును. నటుల ముఖములను 32 కెమెరాలతో చిత్రించి, కనుబొమ్మ ముడిని, పెదవి వణకును యథాతథముగా తెరకెక్కించినారు. సాక్షి ముఖము చూచి నిజానిజములు కనిపెట్టుటయే ఆట. సాక్షి పలికిన ప్రతి పలుకునకును ఆటగాడు 'నిజము', 'సందేహము', 'అబద్ధము' అను మూడింటిలో నొకటి ఎన్నుకొనవలెను. అబద్ధమన్నచో ఆధారము చూపవలెను.

ఇంత ఆర్భాటమంతయు ఒక్క మాటవద్ద కూలినది. దుఃఖములో నున్న ఒక సాక్షి ఏదో దాచుచున్నదని ఆటగానికి తోచును. మెల్లగా అడుగుదమని 'సందేహము' నొక్కును. వెంటనే కథానాయకుడైన ఫెల్ప్స్ ఆమెమీద విరుచుకుపడి జైలులో వేయింతునని గర్జించును! ఆటగాడు నివ్వెరపోవును. తాను నొక్కినదేమి, జరిగినదేమి? కారణము తరువాత వెల్లడియైనది. రచనాదశలో ఆ మీటకు బలవంతముగా రాబట్టుట అను అర్థము గల పేరుండినది. నటులు ఆ ఉద్దేశముతోనే నటించినారు. తరువాత పేరు మారినది గాని నటన మారలేదు. 2017లో ఆటను మరల వెలువరించినప్పుడు మూడు మీటలకును 'మంచి పోలీసు', 'చెడ్డ పోలీసు', 'నిందారోపణ' అను పేర్లు పెట్టినారు. అప్పటికి ఆరేండ్లు గడచినవి. టీమ్ బాండీ 2011లోనే మూతపడినది. ముప్పదిరెండు కెమెరాలు చూడలేనిదానిని, ఆట గూర్చి ఏమియు తెలియని ఒక్క మనుష్యుడు అరగంటలో చూచియుండును.

ఆ ఆటలో ఇంకొక దోషము కలదు. అది పిల్లి మీసమునకు సరిగా వ్యతిరేకమైనది. ఆధారము దగ్గరకు పోగానే గంట మ్రోగినట్లు ధ్వని వినబడును. అన్నియు దొరకగానే సంగీతము ఆగును. ప్రశ్నలన్నియు తప్పినను కేసు ముందుకు సాగును. అచ్చట తలుపు ఎవరికిని తెరచుకొనలేదు. ఇచ్చట తలుపునకు రెక్కలే లేవు. పైగా, హత్యల విభాగపు కేసులలో ఇద్దరు అనుమానితులు బోనులో నిలుతురు. ఇద్దరును కారేమోయని ఆటగానికి తోచినను ఎవరినో ఒకరిని పంపక తప్పదు. అసలు హంతకుడు వేరొకడని కథ తరువాత తానే చెప్పును. నవలగా ఇది గుండెను తాకు ఘట్టమే. పరిశోధనగా మాత్రము, సరిగా ఆలోచించినవానిని శిక్షించుట.

సరిగా, అందులోను ముందుగా ఆలోచించినవానికి శిక్ష పడుట జపానువారి 'ఏస్ అటార్నీ' ఆటలలోను కలదు. 2001లో మొదలైన ఈ పరంపరలో ఆటగాడు న్యాయవాది. సాక్షి వాంగ్మూలములోని వైరుధ్యమును పట్టుకొని, దానికి తగిన ఆధారమును కోర్టునకు చూపవలెను. పాత్రలు ముచ్చటైనవి, హాస్యము రుచికరము. అయినను, చురుకైనవాడు మొదటి వాక్యముననే గుట్టు గ్రహించి ఆధారము చూపినచో న్యాయాధిపతి మందలించును. రచయిత అనుకొనిన వాక్యము, రచయిత అనుకొనిన వస్తువు, రచయిత అనుకొనిన క్షణము: మూడును కలియవలెను. అప్పుడు ఆటగాడు వెదకునది నేరస్థుని మనస్సు కాదు, రచయిత మనస్సు.

ఇక ఒట్టి పొరపాట్ల మాట. ఉక్రెయిన్ దేశపు ఫ్రాగ్‌వేర్స్ సంస్థ 2007లో షెర్లాక్ హోమ్స్‌కును ఆర్సెన్ లూపిన్‌కును పోటీ పెట్టి ఒక ఆట వెలువరించెను. అందు హోమ్స్‌ను వెన్నంటి వచ్చు వాట్సన్‌కు నడక లేదు! ఆటగాడు ముఖము త్రిప్పగానే వాట్సన్ మాయమై, మరల చూచునప్పటికి వీపునకు ఆనుకొని నిలిచి తేరిపార చూచుచుండును. ఆ దృశ్యము లోకమంతట నవ్వులపాలైనది. నమ్మకమైన మిత్రుడు దయ్యమైనాడు. నిజమునకు, ఆ ఆటలోని అనుమానితులందరికంటె అనుమానింపదగినవాడు అతడే.

2023 ఏప్రిలులో పూర్తికాకమునుపే అమ్మకమునకు వచ్చి, 2024లో పూర్తియైన 'షాడోస్ ఆఫ్ డౌట్' ఇంతకంటె లోతైన సమస్యను ముందుంచినది. అందు నగరమును, పౌరులను, హత్యలను కంప్యూటరే కల్పించును. ప్రతి పౌరునికి ఇల్లు, ఉద్యోగము, వ్రేలిముద్రలు ఉండును. ఇట్టి సాహసమును మెచ్చుకొనక తప్పదు. కాని తయారీదారునికే జవాబు తెలియని కేసును ఎవరు పరీక్షింతురు? ఆటగాడు ఒక వ్రేలిముద్ర వెంట నగరమంతయు తిరిగి, అది ఎవరికిని చెందనప్పుడు, తాను ఇల్లు తప్పెనా, యంత్రము లెక్క తప్పెనా అని సందేహించుచు నిలిచిపోవును.

అసలు ఈ జాతి ఆటలను పరీక్షించుటయే ఒక విచిత్రమైన పని. ఊరి రచ్చబండమీద పొడుపుకథ వేసినవానిని చూడుడు. విప్పు తెలిసియుండుటచే అది వానికి మిక్కిలి తేలికగా తోచును. ఎదుటివాడు చెప్పలేకపోగా పకపక నవ్వును. ఆట రచయితయు అట్టివాడే. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడన్నట్లు, తన తర్కములోని సందును తాను పట్టలేడు. ఇతరులచే పరీక్షింపజేయవలెను. తుపాకి ఆటను ఒకే పరీక్షకుడు వేయిసారులు ఆడి లోపము వెదకవచ్చును. రహస్యపు ఆటకు పరీక్షకుడు ఒక్కసారియే పనికివచ్చును. హంతకుడెవడో తెలిసిన మరుక్షణము అతని అమాయకత్వము ఖర్చైపోవును. రెండవసారి అతడు తలుపులు తెరచుకొనునో లేదో చూడగలడు గాని, తెరచుకొనవలెనని ఎవరికైన తోచునో లేదో చెప్పలేడు. కావున ప్రతి మార్పునకును కొత్త మనుష్యులు కావలెను. విడుదల తేది దగ్గరపడినప్పుడు మొదట కోతపడునది ఇదియే. తలుపులు తెరచుకొనుచున్నవని ధ్రువపత్రము వ్రాసి ఆటను అంగడికి పంపుదురు.

శ్రద్ధ వహించినవారు లేకపోలేదు. ఇన్‌ఫోకామ్ ఆ కాలముననే పరీక్షకు ప్రత్యేక విభాగమును నడిపినది. వాట్సన్‌ను దయ్యముగా చేసిన ఫ్రాగ్‌వేర్స్ సంస్థయే 2014లో 'క్రైమ్స్ అండ్ పనిష్మెంట్స్' వెలువరించి పరువు నిలుపుకొన్నది. అందు ఆటగాడు నిర్దోషిని ఉరికంబమునకు పంపినను ఆట అడ్డుపడదు. నిర్ణయము సరియైనదా కాదా అని తాను కోరినప్పుడే చెప్పును. 2022లో లాట్వియా సోదరులిద్దరు తయారుచేసిన 'కేస్ ఆఫ్ ది గోల్డెన్ ఐడల్' ఇంకను నేర్పుగా నడచుకొన్నది. ఖాళీలను పేర్లతోను క్రియలతోను పూరింపవలెను. తప్పులు రెండుగాని అంతకు తక్కువగాని ఉన్నచో ఆ మాట మాత్రము చెప్పును, ఏవో చెప్పదు. నోరు ఎంతవరకు విప్పవలెనో ఎరిగిన సాక్షి అది.

ఈ కోవలో 2018 నాటి 'రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్' అగ్రగణ్యము. లూకస్ పోప్ అనునాతడు దాదాపు ఒంటిచేతితో నిర్మించినది. 1807లో ఈస్టిండియా కంపెనీకి చెందిన ఓడ ఒకటి సిబ్బంది లేక రేవు చేరును. అందు ప్రయాణించిన అరువది మంది ఎవరెవరో, ఎవరికేమైనదో బీమా తనిఖీదారుడు గుర్తించి పుస్తకమున వ్రాయవలెను. మరణక్షణములను చూపు మాయ గడియారమొకటి అతనివద్ద ఉండును. వ్రాసిన జవాబులు ముగ్గురివి సరిపడినప్పుడే ఆట వానిని ఖాయము చేయును. ఒక్కరిని ఊహించి గట్టెక్కుట కుదరదు; ముగ్గురిని ఒక్కసారి ఊహించుట అంతకంటె కష్టము. రెండు నిశ్చయముగా తెలిసినవాడు మూడవదానిని వరుసపెట్టి మార్చి చూచి నెగ్గవచ్చుననునది దీని లోపము. ఆ సందు నేటికిని అట్లే ఉన్నది.

ఆ ఓడలో ఇంగ్లీషువారేగాక భారతీయ నావికులును, చీనా నావికులును ఉన్నారు. తెరచాపలెక్కు చీనావారు నలుగురి పేర్లు పట్టికలో ఉండును గాని, ఎవరు ఏ పేరివాడో ఏ సాక్షియు చెప్పడు. గంటల తరబడి వెదకి విసిగిన ఆటగాడు ఒకప్పుడు, వేరొకని మరణదృశ్యమున నిలిచి, వెనుక నీడలో వ్రేలాడు ఊయల పడకలను చూచును. ప్రతి పడకకు ఒక సంఖ్య వ్రేలాడుచుండును. సిబ్బంది పట్టికలోను సంఖ్యలున్నవి. పడుకొన్నవారి ముఖములు కనబడవు. కాళ్ళు మాత్రము బయటికి చాచియుండును. ఆటగాడు దగ్గరగా పోయి వారి పాదరక్షలను చూచి, డెక్కుమీది దృశ్యములకు మరల పరుగెత్తును.